ఎలక్షన్ డ్యూటీ పడ్డది సార్, ఏం చేయాలె?

పోయిన సంచిక చివర్లో "ఎన్నికల డ్యూటీ గురించి అడగదల్చుకున్నవి రాయండి" అని ఒక్క వాక్యం వేశాం. ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. నల్లగొండ, పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట దిక్కు నుంచి రాసినవాళ్లలో ఎక్కువ మంది టీచర్లే. అంగన్‌వాడీ టీచర్లు, జూనియర్ అసిస్టెంట్లు, ఒకరిద్దరు పార్టీ ఏజెంట్లు కూడా ఉన్నారు.

నేను దేవరకొండ దిక్కు హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. మొదటి డ్యూటీ 1989లో, బ్యాలెట్ పెట్టెల కాలంలో. చివరిది 2023 నవంబరు 30న, పీవోగా, అంటే బూత్‌కు బాధ్యుడైన ప్రిసైడింగ్ ఆఫీసరుగా. నడుమ చాలా ఎన్నికలకు మాస్టర్ ట్రైనర్‌గా కూడా పనిచేశాను. ఇక్కడ చెప్పేవి ఎక్కువగా అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల పద్ధతులు. ప్రతి ఎన్నికకూ ఏదో ఒక మార్పు వస్తుంది. మీ చేతికిచ్చిన హ్యాండ్‌బుక్‌లో వేరేగా ఉంటే దాన్నే పట్టుకోండి.

*

సార్, నేను ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్). ఓపీవోగా (పీవో కింద పనిచేసే పోలింగ్ ఆఫీసరుగా) మొదటిసారి డ్యూటీ పడ్డది. ట్రైనింగ్‌కు పోతే ఫంక్షన్ హాల్లో మస్తు మంది ఉన్నరు. తెర మీద ఏం చూపెట్టిన్రో వెనక కూర్చున్న మాకు కనపడలే. మిషన్‌ను దూరం నుంచే చూసిన. రాత్రి నిద్ర పడతలేదు.
ఒక టీచరమ్మ, అచ్చంపేట

అమ్మా, మీ భయంలో తప్పేం లేదు. గట్టున కూర్చుంటే ఈత రాదు. మిషన్ పని కూడా చేత్తో ముట్టుకుంటేనే వస్తుంది. రెండో ట్రైనింగ్ ఉంటుంది కదా, ఆ రోజు అరగంట ముందే వెళ్లండి. మిషన్ దగ్గరున్న మాస్టర్ ట్రైనర్‌ను "ఒక్కసారి నా చేతికివ్వండి సార్" అని అడగండి. బ్యాలెట్ యూనిట్ వైరు వీవీప్యాట్‌కు, వీవీప్యాట్ వైరు కంట్రోల్ యూనిట్‌కు పెట్టి చూడండి. బ్యాలెట్ యూనిట్ అంటే ఓటరు బటన్ నొక్కేది, వీవీప్యాట్ అంటే ఓటు ఎవరికి పడిందో చీటీ కొట్టి చూపేది, కంట్రోల్ యూనిట్ అంటే ఆఫీసరు దగ్గరుండి ఓట్లు దాచుకునేది. వీవీప్యాట్ వెనక ఒక నాబ్ ఉంటుంది. అది అడ్డంగా ఉంటే ప్రయాణానికి, నిలువుగా ఉంటే పోలింగ్‌కు. ఈ రెండూ చేత్తో చేసి చూస్తే మీ భయం సగం తగ్గుతుంది. మీది ఏ బూత్ అన్నది పోలింగ్ సామాను ఇచ్చే డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌కు వెళ్లే రోజు దాకా ఎవరికీ తెలియదు కాబట్టి దాని గురించి ఇప్పుడే ఆలోచించి లాభం లేదు.

మీకు సిరా సీసా, ఓటర్లు సంతకం చేసే 17ఏ రిజిస్టరు అప్పగించే అవకాశం ఎక్కువ. చూడటానికి చిన్న పనిగా ఉంటుంది కానీ అది చిన్నది కాదు. ముందు ఓటరు ఎడమ చేతి చూపుడు వేలు చూడండి, పాత గుర్తు ఉందేమోనని. మా దిక్కు నవంబరు చివర అంటే పత్తి ఏరే రోజులు, వరి కోతల రోజులు. వేలి మీద మట్టి ఉంటుంది, కొందరు కావాలనే నూనె రాసుకొస్తారు. గుడ్డతో తుడిచి అప్పుడు గీయండి, గోరు పైనుంచి మొదటి కణుపు దాకా ఒక గీత. 2006 నుంచి చుక్క కాదు, గీతే. ముందు సిరా, తర్వాత 17ఏలో సంతకం. ఈ వరుస ఎందుకంటే, సంతకం చేసేలోపు సిరా ఆరుతుంది. కంట్రోల్ యూనిట్ దగ్గర కూర్చున్నవాళ్లు వేలు మళ్లీ చూసి గాని బ్యాలెట్ ఇవ్వరు. చూపుడు వేలు లేకపోతే ఎడమ చేతికే ఇంకో వేలు. ఎడమ చేతికి వేళ్లే లేకపోతే కుడి చేయి. బోరు మోటార్లకు, పత్తి మిల్లుల్లో మిషన్లకు వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు మన ఊళ్లలో ఉంటారు. వాళ్లను పదిమంది ముందు ప్రశ్నలు వేసి నొప్పించకండి, మీకు రూలు తెలిసి ఉంటే చాలు.

ఇంటి నుంచి ఒక చిన్న డబ్బా తీసుకెళ్లండి. బడి ఆవరణలో పిడికెడు ఇసుక పోసి సిరా సీసాను అందులో నిలబెట్టండి. సీసా రిజిస్టరు మీద ఒలికిన రోజు నేను చూశాను. ఆ మరక మీద రాయలేక ఆ ఓపీవో పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది.

*

సార్, మాక్‌పోల్‌కు (అసలు పోలింగ్‌కు ముందు మిషన్ పరీక్షకు) 50 ఓట్లు ఎందుకు? పదో పరకో వేస్తే మిషన్ పనిచేస్తుందని తెలిసిపోతుంది కదా. ఏజెంట్లు కూడా టైముకు రారు. పొద్దున ఐదున్నరకు ఎవరొస్తరు? పోయినసారి మా పీవో గారు తొందరతొందరగా చేసేసిన్రు.
జూనియర్ అసిస్టెంట్, వనపర్తి

తమ్ముడూ, ఈ ఉత్తరంలో నాకు అన్నిటికంటే కష్టం కలిగించిన మాట "తొందరతొందరగా". దీనికి కాస్త ఎక్కువ రాస్తాను.

ముందు టైము సంగతి. పోలింగ్ మొదలయ్యే గంటకు 90 నిమిషాల ముందు మాక్‌పోల్ మొదలుపెట్టాలి. 7 గంటలకు పోలింగ్ అంటే 5.30కు. కనీసం ఇద్దరు అభ్యర్థుల ఏజెంట్లు ఉండాలి. లేకపోతే 15 నిమిషాలు ఆగి, అప్పటికీ రాకపోతే మొదలుపెట్టవచ్చు. ఆ సంగతి సర్టిఫికెట్‌లో రాయాలి. ముందు రోజు సాయంత్రం బడికి చేరగానే ఏజెంట్లను పిలిపించి "రేపు ఐదింటికి ఇక్కడుండాలి, మీరు లేకుండా నేను మొదలుపెడితే రేపు మీకే అనుమానం వస్తది" అని చెప్పండి. పల్లెల్లో ఈ మాటకు విలువ ఉంటుంది, వస్తారు.

ఇక 50 ఓట్లు. ప్రతి అభ్యర్థి బటన్, నోటా బటన్ పనిచేస్తున్నాయని తేలాలి. 2022 నవంబరు 3న మునుగోడు ఉప ఎన్నికలో 47 మంది పోటీ చేశారు. నోటాతో కలిపి 48 బటన్లు, అంటే ఒక్కో దానికి 16 చొప్పున సరిగ్గా మూడు బ్యాలెట్ యూనిట్లు. 50 ఓట్లు వేస్తే ఒక్కో బటన్‌కు ఒక్కటి పోను మిగిలేది రెండే. అక్కడ పదో పరకో వేసి లేస్తే మూడో యూనిట్‌ను ముట్టుకోకుండానే పోలింగ్ మొదలయ్యేది.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. వీవీప్యాట్‌లు మన రాష్ట్రమంతటా వచ్చిన మొదటి ఎన్నిక 2018 డిసెంబరు 7న. కృష్ణ దిక్కు ఒక ఊళ్లో నేను పీవో. 50 ఓట్లు వేశాం. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. బయట లైను పెరుగుతోంది. ఏడుకు పది నిమిషాలు. ఏజెంట్లు "సరే సారూ, మంచిగనే నడుస్తుంది" అన్నారు. వీవీప్యాట్ డబ్బాలోంచి చీటీలు తీశాం, లెక్కపెట్టాం. ఆ తొందరలో నేను క్లోజ్ నొక్కలేదు, రిజల్ట్ చూపలేదు, క్లియర్ చేయలేదు. కంట్రోల్ యూనిట్‌లో రిజల్ట్, క్లియర్ బటన్లుండే తలుపుకు పచ్చ కాగితం సీలు పెట్టబోతున్నాను. మూలన కూర్చున్న ఒక ఏజెంటు, అరవై దాటిన రైతు, అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడనివాడు, "సారూ, ఓపాలి టోటల్ నొక్కి సూపెట్టరాదు?" అన్నాడు. నాకు కొంచెం విసుగొచ్చింది. నొక్కాను. 50 అని చూపింది.

ఆ తలుపు మూసి సీలు వేసి ఉంటే క్లియర్ బటన్ ఇక చేతికి అందేది కాదు. మొదటి ఓటరు 51వ ఓటు వేసేవాడు. సాయంత్రం 17సీలో, అంటే పోలైన ఓట్ల లెక్క రాసే ఫారంలో, లెక్క కుదరదు. లెక్కింపు రోజు ఆ మిషన్‌ను పక్కన పెడతారు. ఆ ఊరి ఓట్లన్నీ అనుమానంలో పడతాయి. తప్పు నాది, పరువు ఊరిది పోయేది. ఆ పెద్దాయనకు చేతులు జోడించి, అందరి ముందు క్లోజ్, రిజల్ట్, క్లియర్ వరుసగా నొక్కి, మళ్లీ టోటల్ నొక్కి సున్నా చూపించాను.

అప్పటి నుంచి ట్రైనింగుల్లో ఒకటే చెప్తున్నాను. ఏ పని చేసినా పలుకుతూ చేయండి. "క్లోజ్ నొక్కుతున్నా. రిజల్ట్ చూడండి, రాసుకోండి. క్లియర్ చేస్తున్నా. టోటల్ సున్నా, అందరూ చూశారా?" అని గట్టిగా అనండి. నోరు పలికితే చేయి మరిచిపోదు. ఏజెంటు అనుమానపడితే కోప్పడకండి. ఆ గదిలో మీ తప్పును మీకంటే ముందు పట్టుకోగలిగినవాడు అతనే.

తర్వాత పనులు మీకు తెలిసినవే. చీటీల వెనక మాక్‌పోల్ ముద్ర వేసి నల్ల కవర్లో పెట్టి సీలు చేయాలి. ఆ కవరును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి గులాబీ కాగితం సీలు వేయాలి. వీవీప్యాట్ ఆన్ చేసినప్పుడు తనకు తానే 7 పరీక్ష చీటీలు కొడుతుంది. అవీ డబ్బాలోనే పడతాయి, మరవకుండా తీయాలి. ఖాళీ డబ్బా ఏజెంట్లకు చూపించి మూయండి. పచ్చ సీలు మీద వాళ్లతో సంతకం పెట్టించండి, నంబరు రాసుకోమనండి.

*

మధ్యలో వీవీప్యాట్ పనిచేయకపోతే మొత్తం మిషన్లు మార్చాలా?
లెక్చరర్, కల్వకుర్తి

వద్దు. వీవీప్యాట్ ఒక్కటే చెడితే అదొక్కటే మార్చాలి, మళ్లీ మాక్‌పోల్ అక్కర్లేదు. కంట్రోల్ యూనిట్ గాని బ్యాలెట్ యూనిట్ గాని చెడితే మాత్రం మూడూ మార్చాలి. కొత్త సెట్టులో నోటాతో సహా ఒక్కొక్కరికి ఒక్కో ఓటు వేసి చూపించి, చెరిపి, అప్పుడు మొదలుపెట్టాలి. బల్బు కింద, కిటికీ వెలుగు నేరుగా పడేచోట వీవీప్యాట్ పెట్టకండి. సగం తిప్పలు అక్కడే మొదలవుతాయి.

*

మా మండలంల సగం మంది ముంబై, పూణే పనికి పోతరు. ఓట్ల రోజు బస్సులేసుకొని వస్తరు. పోయినసారి నేను ఓపీవోగా ఉన్నప్పుడు ఒకామె వస్తే లిస్టుల ఏఎస్‌డీ అని ఉన్నది. నేను "నీకు ఓటు లేదమ్మా" అన్న. ఆమె ఏడ్చుకుంట పోయింది. తర్వాత పీవో సారు పిలిపించి వేయించిండు. నేను చేసింది తప్పా? ఇంకొకామె ఓటు అప్పటికే ఎవరో వేసి పోయిన్రు. అప్పుడేం చేయాలె?
పంచాయతీ సెక్రటరీ, నారాయణపేట జిల్లా

మీరు దాచకుండా రాశారు, అందుకు సంతోషం. అవును, తప్పే. ఏఎస్‌డీ అంటే బీఎల్వో (బూత్ లెవెల్ ఆఫీసరు) ఇంటికి వెళ్లినప్పుడు మనిషి లేరనో, ఇల్లు మారారనో, చనిపోయారనో రాసుకున్న జాబితా. వాళ్ల పేరు ఓటరు జాబితాలో ఉంది, ఓటు హక్కు ఉంది. మనిషి వచ్చి నిలబడితే ఓటరు ఎపిక్ కార్డో, కమిషన్ ఒప్పుకున్న ఇంకో గుర్తింపు కార్డో చూడాలి. పీవో స్వయంగా పరిశీలించాలి. 17ఏలో సంతకంతో పాటు వేలిముద్ర కూడా తీసుకోవాలి. అంతే, ఓటు వేయించాలి. ఆ జాగ్రత్తంతా ఆమె పేరుతో ఇంకొకరు వేయకుండా ఉండటానికే.

కొడంగల్, కోస్గి, మద్దూరు, మక్తల్ దిక్కు తిరిగినవాళ్లకు తెలుసు. ఆ బస్సు దిగేసరికి తెల్లవారుతుంది. రెండు రోజుల కూలి వదులుకొని, చంకలో పిల్లను ఎత్తుకొని, సంచి ఇంటి గడపలో పెట్టి నేరుగా బడికొస్తారు. మళ్లీ సాయంత్రం బస్సుకే వెళ్లిపోతారు. వాళ్లను మనం ఒక్క మాటతో వెనక్కి పంపితే మళ్లీ ఐదేళ్లు. పాలమూరు జిల్లాల్లో ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు ఏఎస్‌డీకి ప్రత్యేకంగా అరగంట కేటాయించాలని నేను ప్రతిసారీ అడిగేవాణ్ని. కొన్నిసార్లు ఇచ్చారు, కొన్నిసార్లు టైము లేదన్నారు.

రెండో సంగతి. ఆమె ఓటు అప్పటికే పడిపోయి ఉంటే, ఆమె నిజంగా ఆమేనని పీవోకు నమ్మకం కలిగితే, టెండర్ ఓటు ఇవ్వాలి. మిషన్ మీద కాదు. టెండర్ బ్యాలెట్ కాగితం ఇస్తారు, స్వస్తిక్ ముద్ర వేసి మడిచి పీవోకిస్తే కవర్లో పెడతారు. 17బీ ఫారంలో ఆమె పేరు రాసి సంతకం తీసుకుంటారు. మామూలు లెక్కింపులో ఆ కాగితం కలపరు, ఆ మాట ఆమెకు నిజాయితీగా చెప్పండి. అయినా తన పేరుతో తాను వచ్చి నిలబడ్డానని రాతలో ఉంటుంది.

ఇలాంటివి జరగకుండా చూసే మొదటి కాపలా ఓటరు జాబితా పట్టుకున్న ఆఫీసరు గొంతే. క్రమసంఖ్య, పేరు గట్టిగా చదవాలి. చాలామంది గొణుగుతారు. గట్టిగా చదివితే ఏజెంటు వింటాడు, "ఆమె ముంబైల ఉన్నది సారూ, ఈమె ఎవరు?" అంటాడు. అప్పుడే ఆపవచ్చు.

*

నేను పార్టీ ఏజెంటుగా కూర్చున్న. ఏం అడిగినా "మీకెందుకు" అంటరు. మాకు ఏం హక్కున్నది?
కొల్లాపూర్ నుంచి ఒక యువకుడు

కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్, వీవీప్యాట్ నంబర్లు, సీళ్ల నంబర్లు రాసుకోవచ్చు. సీలు మీద సంతకం చేయవచ్చు. ఓటరు అసలు మనిషి కాడనిపిస్తే 2 రూపాయలు కట్టి చాలెంజ్ చేయవచ్చు. పీవో అక్కడికక్కడే విచారించి తేల్చాలి. పోలింగ్ అయ్యాక 17సీ కాపీ తీసుకోవడం మీ హక్కు, అది లేకుండా ఇంటికి వెళ్లకండి. సెల్‌ఫోన్ లోపలికి తేవద్దు. ఎవరు ఓటేశారో గుర్తు పెట్టుకున్న మీ జాబితా కాగితాన్ని మధ్యలో బయటికి పంపవద్దు. పీవోలకు నేనేం చెప్తానో పైన వనపర్తి తమ్ముడికి రాసిన జవాబులో ఉంది, మీరూ చదవండి.

*

మా ఊళ్లో ఫ్లోరైడ్ బాధితులు చాలామంది. నడవలేరు, కొందరికి చేతులు లేవవు. వాళ్ల ఓటు నేనేస్తా అని ఒకే మనిషి నలుగురైదుగురిని తీసుకొస్తాడు. కాదంటే గొడవ. అంగన్‌వాడీ టీచర్‌ను, ఊళ్లోదాన్నే, గట్టిగా చెప్పలేను.
మర్రిగూడ మండలం

చెల్లెమ్మా, మీ ఊరి పేరు చూడగానే 1996 గుర్తొచ్చింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోతున్నాయని, కృష్ణ నీళ్లు కావాలని అడిగి అడిగి విసిగిన జనం నల్లగొండ లోక్‌సభ స్థానానికి గుంపులుగా నామినేషన్లు వేశారు. 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది. ఆ పుస్తకం పేజీలు తిప్పుతూ తమ గుర్తు కోసం వెతుక్కున్న ముసలివాళ్లను నేను చూశాను. ఇప్పటి మిషన్లకు ఎక్కువలో ఎక్కువ 24 బ్యాలెట్ యూనిట్లు కలపవచ్చు, అంటే 384 బటన్లు. ఈ రోజు అంతమంది నిలబడినా మళ్లీ కాగితమే గతి. మన జిల్లా బాధ అంత పెద్ద లెక్క.

అలాంటి మనుషుల ఓటు వాళ్లదిగానే పడాలి. రూలు సూటిగా ఉంది. చూపు లేక గుర్తు కనపడనివాళ్లకు, బటన్ నొక్కే శక్తి లేనివాళ్లకు మాత్రమే సహాయకుడు లోపలికి వెళ్లవచ్చు. అతనికి 18 ఏళ్లు నిండాలి. ఆ రోజు ఏ బూత్‌లోనూ ఒక్కరికి తప్ప ఇంకొకరికి సహాయకుడు కాకూడదు. ఓటు రహస్యంగా ఉంచుతానని, ఇంకెవరికీ సాయం చేయలేదని డిక్లరేషన్ ఇవ్వాలి. పీవో 14ఏ ఫారంలో రాసుకోవాలి. కాబట్టి ఆ మనిషికి రెండో ఓటరు దగ్గరే దారి మూసుకుపోతుంది. కాళ్లు రాక చేతులు బాగున్నవాళ్లను పట్టుకుని గడి దాకా తీసుకొస్తే చాలు, లోపల వాళ్లే నొక్కుకుంటారు. చదువు రాదన్న కారణానికి సహాయకుణ్ని ఒప్పుకోకూడదు. బ్యాలెట్ యూనిట్ మీద బ్రెయిలీ అంకెలు కూడా ఉన్నాయి. చూపు లేనివాళ్లు తామే వేస్తామంటే వేయనివ్వండి. పోలింగ్ సిబ్బంది ఎవరూ సహాయకులుగా వెళ్లకూడదు, జాలితో కూడా.

మీరు ఊరి మనిషి కాబట్టి గట్టిగా చెప్పడం మీ పని కాదు, పీవో పని. ఆయనకు చెప్పి ఊరుకోండి. ముందు రోజే ఆయన ఏజెంట్లందరినీ కూర్చోబెట్టి ఈ రూలు చదివి వినిపిస్తే మరుసటి రోజు గొడవ సగం ఉండదు. ఇంకొకటి: 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లు, 85 ఏళ్లు దాటినవాళ్లు ముందే 12డీ ఫారం ఇచ్చి ఇంటి దగ్గరే ఓటు వేయవచ్చు. మీరు ఇల్లిల్లూ తిరిగేవారు కదా, నోటిఫికేషన్ వచ్చిన వెంటనే ఈ మాట చెప్పండి. 12డీ ఇచ్చి ఒప్పుదలైనవాళ్లు మళ్లీ బూత్‌కు వస్తే ఓటు ఇవ్వరు, అదీ చెప్పండి.

*

టైము అయిపోయేసరికి లైన్లో జనం ఉంటే ఎట్ల? ఆ తర్వాత ఎన్ని కాగితాలు! ఒక మహిళా ఏపీవోగా (అసిస్టెంట్ ప్రిసైడింగ్ ఆఫీసరుగా) అడుగుతున్నా, రాత్రి మిషన్లు అప్పగించే రిసెప్షన్ సెంటర్‌లో పది దాటుతుంది.
మిర్యాలగూడ

ముగింపు గంట కొట్టే సమయానికి లైన్లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఓటుంది. సంతకం చేసిన చీటీలు ఇవ్వాలి. లైను చివర నిలబడిన మనిషి నుంచి ముందుకు ఇస్తూ రావాలి. ముందు నుంచి వెనక్కి ఇస్తే మీరు చివరికి చేరేలోపు తోక పెరుగుతూనే ఉంటుంది. 2023లో మా బూత్‌లో అయిదింటికి 63 మంది ఉన్నారు. కానిస్టేబుల్‌ను చివరి మనిషి వెనక నిలబెట్టాం. చివరి ఓటు పడేసరికి ఏడవుతోంది.

చివరి ఓటరు వెళ్లగానే క్లోజ్ నొక్కండి, ఏజెంట్లకు టోటల్ చూపండి, టైము రాయండి. క్లోజ్ మరిచిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. లెక్కింపు రోజు ఆ మిషన్ రిజల్ట్ చూపదు. అప్పుడు మీకు ఫోను వస్తుంది. పచ్చ కవర్లు, పసుపు కవర్లు డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌లోనే వేరు చేసి, మధ్యాహ్నం ఓటర్లు పలచబడినప్పుడు పేర్లు, నంబర్లు రాసి పెట్టుకోండి. సాయంత్రం నింపాల్సింది అంకెలు మాత్రమే ఉండాలి.

మీ రెండో మాటకు నా దగ్గర రూలు లేదు, కోపం ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచిన మనిషిని అర్ధరాత్రి దాకా కౌంటర్ ముందు నిలబెట్టి, ఆ తర్వాత "బస్సు లేదు, ఎట్లన్న పోండి" అన్న రోజు నేను పక్కనే ఉన్నాను. ఆ రోజు ఇద్దరు టీచరమ్మలను ఇంటి దాకా దింపింది మా సెక్టార్ ఆఫీసరు సొంత బండిలో. మీరు నలుగురు ఏపీవోలు కలిసి ముందే రాతపూర్వకంగా అడగండి. రిసెప్షన్ సెంటర్ నుంచి రూట్ల వారీగా తిరుగు బస్సులు, మహిళా సిబ్బందికి వేరే కౌంటర్ కావాలని కోరండి. అడిగినచోట ఏర్పాటు చేసినవాళ్లను కూడా నేను చూశాను.

*

సర్పంచ్ ఎన్నికకు బ్యాలెట్ కాగితం ఇస్తే కొందరు ఎట్ల పడితే అట్ల మడుస్తున్నరు.
గద్వాల

అది రాష్ట్ర ఎన్నికల సంఘం పుస్తకం, పద్ధతి వేరు. సర్పంచ్‌కు గులాబీ రంగు, వార్డు సభ్యుడికి తెలుపు. మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగ్ ముగుస్తుంది, రెండు నుంచి అక్కడే లెక్క. కాగితం ఇచ్చేముందే ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడిచి, విప్పి ఇవ్వండి. ఆ మడతల మీదుగానే ఓటరు మళ్లీ మడుస్తాడు. ముద్ర సిరా ఇంకో గుర్తు మీద అంటుకోదు.

*

గురువు గారూ, మీ దగ్గరే ట్రైనింగ్ తీసుకున్న. ఈసారి నన్నే మాస్టర్ ట్రైనర్‌గా వేసిన్రు. ఎట్ల చెప్పాలె?
నల్లగొండ, హైస్కూల్ టీచర్

బిడ్డా, చాలా సంతోషం. మొదట, తెర ఆపేయి. నలభై మంది ఉంటే ఎనిమిది జట్లు చేయి. ఒక్కో జట్టుకు ఒక బెంచీ, ఒక మిషన్. మిషన్లు చాలకపోతే జట్లు మారుతూ రావాలి కానీ ఎవరూ ముట్టుకోకుండా ఇంటికి వెళ్లకూడదు. హాజరు సంతకం మిషన్ ముట్టుకున్న తర్వాతే పెట్టించు.

చీటీల మీద పాత్రలు రాసి పంచు. ఒకరు ముంబై నుంచి వచ్చిన ఏఎస్‌డీ ఓటరు. ఒకరు చూపు లేని అవ్వ, పక్కన మేనల్లుడు. ఒకరు తన ఓటు ఎవరో వేశారని వచ్చినవాడు. ఒకరు 17ఏలో సంతకం చేశాక "నేను వేయను" అని వెళ్లిపోయేవాడు. ఒకరు సెల్‌ఫోన్‌తో ఫొటో తీసేవాడు. ఒకరు నోరు పెద్దగా ఉన్న ఏజెంటు. ఈ పాత్రకు సీనియర్‌ను పెట్టు, వాళ్లకు అన్నీ తెలుసు. జట్టు తడబడితే నువ్వు వెంటనే అందుకోకు. హ్యాండ్‌బుక్ తిప్పి వెతకనివ్వు. పోలింగ్ రోజు నువ్వు వాళ్ల పక్కన ఉండవు, హ్యాండ్‌బుక్ ఉంటుంది.

ఇంకో సంగతి. మనమంతా పొద్దున హుషారులో మాక్‌పోల్ చెప్పి, సాయంత్రం అందరూ బస్సుల కోసం గడియారం చూసేటప్పుడు 17సీ చెప్తాం. డ్యూటీ రోజు కూడా 17సీ వచ్చేది ఒళ్లు అలిసిన వేళే. అందుకే నువ్వు తిప్పి చెప్పు. పొద్దున మొదటి గంట 17సీకి ఇవ్వు. బోర్డు మీద ఈ లెక్క వేయి: 17ఏలో చివరి క్రమసంఖ్య 812. ఒకరు సంతకం చేశాక ఓటు వద్దని వెళ్లారు. ఇంకొకరిని రహస్యం పాటించనందుకు పీవో ఓటు వేయనివ్వలేదు. మిషన్ టోటల్ ఎంత ఉండాలి? జవాబు 810. నేను అడిగిన ప్రతి క్లాసులో కొందరు 812 అనే రాశారు. వాళ్ల కాగితాలు పక్కన పెట్టుకో. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ల దగ్గరికే వెళ్లి పక్కన కూర్చుని మళ్లీ చేయించు. గుర్తుందా, మొదటి ఏడాది నీ కాగితం మీద కూడా 812 అనే ఉండె.